స్లాబు పోసే ముందే చూడాల్సిన కరెంటు లెక్క

సంపాదకులు గారికి, నమస్కారం.

ఏసీ 24 డిగ్రీల దగ్గర పెట్టుకోండి, మనిషి లేని గదిలో లైటు ఆర్పండి అని వేసవి వచ్చిన ప్రతిసారీ చెబుతూనే ఉన్నారు. మంచి మాటలే. కానీ ఒక ఇల్లు ఎంత కరెంటు తాగుతుందో చాలావరకు తేలిపోయేది గృహప్రవేశానికి ఆరేడు నెలల ముందు, స్లాబు మీద పైపులు పరిచే రోజున. ఆ రోజు లెక్క చూసేవాళ్లు లేరు. చూడమని అడిగే నియమం కూడా చిన్న ఇళ్ల దాకా రాలేదు.

నియమాలు అసలు లేవని కాదు. నివాస భవనాల కోసం కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహిత మొదటి భాగం విడుదల చేసింది. గోడలు, కప్పు, కిటికీల గుండా ఎంత వేడి లోపలికి రావచ్చో అందులో అంకెలతో సహా ఉంది. ఉమ్మడి ప్రాంతాల దీపాలు, లిఫ్టులు, పంపులు, విద్యుత్ వ్యవస్థల గురించి 2021లో రెండో భాగం వచ్చింది. మొదటి భాగం వర్తించేది 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే భవనాలకే. తెలంగాణలో భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల నుంచి ఆ 600 గజాల దాకా, పది మీటర్ల ఎత్తు మించని ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణతోనే వెంటనే అనుమతి వస్తుంది. 2023లో తెచ్చిన కూల్ రూఫ్ (కప్పు వేడెక్కకుండా చూసే) విధానం కూడా ఇళ్ల విషయంలో 600 గజాల నుంచే తప్పనిసరి. 2022లో సవరించిన ఇంధన పొదుపు చట్టం 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు (బిగించిన పరికరాలన్నిటి మొత్తం) దగ్గర మొదలవుతుంది. మన పట్టణాల్లో, మండల కేంద్రాల్లో జనం కట్టుకునేది 120, 150, 200, మహా అయితే 267 గజాల్లో. లోడు అయిదు నుంచి పది కిలోవాట్లు. అంటే లెక్క చూసే కాగితం ఏదీ ఆ ఇళ్ల గడప తొక్కడం లేదు.

స్లాబు పోసే పొద్దున ఏం జరుగుతుందో చూడండి. సెంట్రింగు మీద స్టీలు కట్టడం అయిపోతుంది. ఎలక్ట్రీషియను 20 మిల్లీమీటర్ల పీవీసీ పైపులు తెచ్చి, ఫ్యాను బాక్సు నుంచి గోడ దాకా వేసి, బైండింగు వైరుతో చువ్వలకు కడతాడు. బాక్సుల్లో సిమెంటు పడకుండా ఇసుకో థర్మాకోలో కూరుతాడు. తొమ్మిదింటికల్లా మిల్లరు తిరుగుతుంది. కూలీలు తట్టలతో ఆ పైపుల మీదే నడుస్తారు. వైబ్రేటరు సూది తగిలి, జిగురు పూయకుండా ఒట్టిగా దూర్చిన బెండు ఊడుతుంది. అందులోకి సిమెంటు పాలు దిగుతాయి. నాలుగు నెలల తర్వాత వైర్లు లాగే రోజున స్ప్రింగు మధ్యలో ఆగిపోయినప్పుడు గానీ సంగతి బయటపడదు. అప్పుడు చేసేదేముంది? బాగున్న పైపులోనే ఆగిపోయిన పైపు వైర్లు కూడా దూరుస్తారు. లైట్ల పైపులో ఏసీ వైరు, గీజరు వైరు కలుస్తాయి. ఇరుకైపోయిందని నాలుగు చదరపు మిల్లీమీటర్లది వేయాల్సిన చోట రెండున్నరది లాగుతారు. గుత్తిగా కలిసి వేడెక్కే వైర్లకు మోయగల కరెంటు తగ్గుతుంది. బయట అట్టపెట్టె మీద రాసిన ఆంపియర్లు ఆ పైపులో పనికిరావు.

అందుకని స్లాబుకు ముందు రోజు సాయంత్రమే ప్రతి పైపులోనూ స్ప్రింగు దూర్చి చూడాలి, ప్రతి బెండుకూ జిగురు ఉందో లేదో చూడాలి. మీడియం గేజు పైపే వాడాలి, పలచటి లైటు గేజు పైపు కాలి కిందే నొక్కుకుపోతుంది. ఏసీలకు, గీజర్లకు, మోటారుకు, మెయినుకు 25 మిల్లీమీటర్ల పైపులు విడివిడిగా ఉండాలి. పోసేటప్పుడు ఎలక్ట్రీషియను తరఫు మనిషి ఒకరు స్లాబు మీదే నిలబడాలి. టేపు పక్కన పెట్టి ప్రతి గదినీ ఫొటో తీసుకుంటే, రేపు ఫాల్స్ సీలింగు వాళ్లు డ్రిల్లు పెట్టే చోట పైపు ఉందో లేదో తెలుస్తుంది.

ఇక వైరు మందం. వైరింగుకు మన ప్రమాణం ఐఎస్ 732. దాని ప్రకారం సర్వీసు మొదలైన చోటు నుంచి దీపాల దాకా వోల్టేజీ తగ్గుదల 3 శాతం, మిగతా వాటికి 5 శాతం మించకూడదు. 230 వోల్టుల మీద 3 శాతం అంటే ఏడు వోల్టుల లోపే. కింద గేటు దగ్గర మీటరు, రెండో అంతస్తులో డీబీ (గదులకు కరెంటు పంచే పెట్టె), మధ్య 30 మీటర్ల దూరం అనుకుందాం. రానూ పోనూ 60 మీటర్లు. ఆరు చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే కిలోమీటరుకు 3.3 ఓముల లెక్కన 0.2 ఓములు. రాత్రి రెండు ఏసీలు, గీజరు కలిసి 25 ఆంపియర్లు లాగితే అయిదు వోల్టులు ఆ మెయిను వైరులోనే పోతాయి. 124 వాట్లు గోడలో వేడిగా మారతాయి. దీపాలకు ఇచ్చిన ఏడు వోల్టుల్లో డీబీ తర్వాత వైర్లకు మిగిలింది రెండే. పది చదరపు మిల్లీమీటర్లది వేస్తే తగ్గుదల మూడు వోల్టుల లోపు, నష్టం 72 వాట్లు. పైపు ముందే పెద్దది వేసి ఉంటే ఈ మార్పు ఒక పూట పని. లేకపోతే గోడ చీల్చాలి.

అయితే వైరు మందం పెంచితే బిల్లు సగానికి వస్తుందని చెప్పే షాపువాళ్ల మాట నమ్మవద్దు. డీబీ నుంచి 20 మీటర్ల దూరంలో ఎనిమిది ఆంపియర్లు తీసుకునే ఏసీ ఉంది. దానికి రెండున్నర వైరులో నష్టం 19 వాట్లు, నాలుగు వైరులో 13 వాట్లు. ఏడాదికి 1,200 గంటలు నడిపినా తేడా ఏడెనిమిది యూనిట్లే. నాలుగు వైరు వేయమనేది వైరు వేడెక్కకుండా, పీవీసీ తొడుగు పదేళ్లకే పెళుసెక్కకుండా, కంప్రెసరు తక్కువ వోల్టేజీలో అవస్థ పడకుండా. అసలు కరెంటు పోయేది వేరే చోట.

మొదటిది ఫ్యాను. మామూలు సీలింగు ఫ్యాను పూర్తి వేగంలో 75 వాట్ల దాకా తీసుకుంటే, బీఎల్‌డీసీ ఫ్యాను (ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే కొత్త రకం) దాదాపు అంతే గాలికి 30 వాట్ల దగ్గర ఉంటుంది. రోజుకు 12 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగే ఫ్యానుకు తేడా 162 యూనిట్లు. ఏసీ వైరులో మిగిలిన ఏడు యూనిట్లను దీని పక్కన పెట్టి చూడండి. నాలుగు ఫ్యాన్లకు ఏడాదికి దాదాపు 650 యూనిట్లు. నెలకు 200 యూనిట్ల గీత అటూ ఇటూగా ఉండే ఇంటికి, ముఖ్యంగా 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి అర్హత ఉన్న కుటుంబానికి, నెలకు 54 యూనిట్లంటే చిన్న సంగతి కాదు. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది కాబట్టి పెట్టె మీదే చూసుకోవచ్చు.

కానీ ఫ్యాను మారిస్తే సరిపోదు, పాయింటు కూడా దానికి తగ్గట్టు ఉండాలి. బీఎల్‌డీసీ ఫ్యానుకు గోడ రెగ్యులేటరు పెట్టకూడదు. ఆ రెగ్యులేటరు కరెంటు తరంగాన్ని కోసి వోల్టేజీ తగ్గిస్తుంది. ఫ్యాను లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు దాన్ని సరిచేయబోయి వేడెక్కుతుంది, ఫ్యాను గునుస్తుంది, చివరికి బోర్డు పోతుంది. అప్పుడు తప్పంతా ఫ్యాను మీద వేసి, పాత రకమే మళ్లీ తగిలిస్తారు. కాబట్టి కొత్త ఇంట్లో ఫ్యానుకు ఒట్టి స్విచ్చు చాలు. అలాగే ప్రతి స్విచ్చు బాక్సులోకీ న్యూట్రల్ వైరు ఒకటి రావాలి, మెట్ల దగ్గర టూ-వే స్విచ్చులు సహా. అది ఉంటే టైమరు గానీ, మనిషి కదిలితే వెలిగే సెన్సరు గానీ రేపు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. లేకపోతే న్యూట్రల్ లేకుండా పనిచేసే రకాలు కొని, ఆపేసినా ఎల్ఈడీలు మిణుకుమిణుకుమంటున్నాయని బాధపడాలి.

దీపాల విషయంలో ఎల్ఈడీ వచ్చాక జాగ్రత్త పోయింది. ఫాల్స్ సీలింగు అందం కోసం హాల్లో 12 వాట్లవి పదహారు గుండ్రటి లైట్లు దింపుతారు, అన్నీ ఒకే స్విచ్చు మీద. ఒక్క స్విచ్చుతో 192 వాట్లు. అదే హాలును మూడు స్విచ్చులకు పంచితే మామూలు రోజున నాలుగు లైట్లతో గడుస్తుంది. పైపు ఒకటే, వైరు రెండు గీతలు ఎక్కువ. లైటు కొనేటప్పుడు వాట్లు కాదు, ల్యూమెన్లు (వెలుగు కొలత) చూడాలి. వాట్‌కు వంద ల్యూమెన్లకు తగ్గకపోతే మంచిది.

ఏసీ గురించి మాట్లాడేటప్పుడు కప్పు మాట వదిలి లాభం లేదు. ఎకో నివాస్ సంహిత ప్రకారం కప్పు నుంచి వేడి దిగే గుణకం చదరపు మీటరుకు, డిగ్రీకి 1.2 వాట్లు మించకూడదు. పైన ఏమీ వేయని మన అయిదంగుళాల కాంక్రీటు స్లాబుకు అది మూడు పైనే ఉంటుంది. దాని మీద ఒక అంగుళం ఎక్స్‌పీఎస్ షీటు (వేడిని అడ్డుకునే గట్టి నురగ పలక) పరిచి, పైన స్క్రీడు (సన్నటి సిమెంటు పొర), తెల్ల టైలు వేస్తే 1.2 కిందికి సులువుగా వస్తుంది. పై అంతస్తు గదికి ఏసీ టన్నులు లెక్కగట్టేవాళ్లు కప్పును ఉన్నది ఉన్నట్టు వదిలేసి, టన్ను చాలే చోట టన్నున్నర రాస్తారు. అక్కడి నుంచి వైరు, ఎంసీబీ (లోడు మించితే దానంతటదే పడే స్విచ్చు), మెయిను, సర్వీసు లోడు, అన్నీ పెరుగుతాయి. గాలి సంగతీ అంతే. నేల వైశాల్యంలో తెరుచుకునే కిటికీలు హైదరాబాదు లాంటి మిశ్రమ వాతావరణంలో కనీసం 12.5 శాతం, విజయవాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో 16.66 శాతం ఉండాలని ఆ సంహితే చెబుతోంది.

ఏసీ బయటి యూనిట్ ఎక్కడ కూర్చుంటుందో గోడ కట్టకముందే తేల్చాలి. రెండు ఇళ్ల మధ్య మూడడుగుల సందులో, ఎదుటి గోడకు ముఖం పెట్టి బిగిస్తే, అది వదిలిన వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది. అయిదు స్టార్ల ఏసీ అయినా అక్కడ దండగే. ఏసీ పాయింటు లోపలి యూనిట్ పక్కనే, లేచేటప్పటి ఎక్కువ కరెంటును ఓర్చుకునే 20 ఆంపియర్ల సీ-కర్వు ఎంసీబీతో, విడి లైనుగా ఉండాలి.

గీజరు దగ్గర తప్పు నీళ్ల పైపులో ఉంటుంది. స్నానాల గదికి పది మీటర్ల దూరంలో గీజరు పెడితే, ముప్పావు అంగుళం పైపులో రెండున్నర లీటర్ల నీళ్లు నిలిచి ఉంటాయి. ప్రతిసారీ ఆ చల్లనీళ్లు వదలాలి, కట్టేశాక అంతే వేడినీళ్లు గోడలో చల్లారాలి. 15 లీటర్లను 30 డిగ్రీలు వేడి చేయడానికే అర యూనిట్ పైన పడుతుంది. గీజరు ఆ గదిలోనే ఉండాలి, లేదా గోడకు అవతల. పైకప్పు మీద సోలార్ హీటరు ఆలోచన ఉంటే వేడినీళ్ల లైను విడిగా, తొడుగుతో, ఇప్పుడే దించాలి.

గీజరు, ఏసీ సాకెట్లు కరిగిపోవడం కూడా నష్టం లెక్కలోదే. స్క్రూ సరిగా బిగించని చోట 0.1 ఓము అడ్డంకి ఉన్నా, మూడు కిలోవాట్ల గీజరు లాగే 13 ఆంపియర్లకు 17 వాట్లు పుడతాయి, అదీ వేలి గోరంత చోట. సోల్డరింగు ఐరను మొన గుర్తు తెచ్చుకోండి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లలోనూ ఇదే. పైపులో జాయింటు ఉండనే కూడదు. బాక్సులో ఉంటే కనెక్టరుతో ఉండాలి, సన్నటి పోగుల వైరు చివర లగ్గు (నొక్కి బిగించే లోహపు తొడుగు) ఉండాలి.

న్యూట్రల్‌తో ఇంకో చిక్కు ఉంది. వైరు కలిసొస్తుందని రెండు మూడు సర్క్యూట్లకు కలిపి ఒకే న్యూట్రల్ తిప్పుతారు. గదికో ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే కరెంటు ఆపే స్విచ్చు) పెట్టిన ఇంట్లో ఒక గది ఫేజు కరెంటు ఇంకో గది న్యూట్రల్ గుండా తిరిగొస్తే, లీకేజీ లేకపోయినా ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఊరికే పడిపోతోందని దాన్నే పీకేసి వైర్లు నేరుగా కలుపుతారు. ప్రాణం కాపాడే 30 మిల్లీఆంపియర్ల పరికరం అలా పోతుంది. పైగా కలిసిన న్యూట్రల్ రెట్టింపు కరెంటు మోసి వేడెక్కుతుంది. సర్క్యూట్‌కో న్యూట్రల్, డీబీలో దాని బార్ మీద నెంబరుతో ఉండాలి. మూడు ఫేజుల సర్వీసున్న ఇంట్లో ఏసీలన్నీ ఒకే ఫేజు మీద వేలాడకుండా పంచాలి.

సంపు నుంచి ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారును అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఏడు ఆంపియర్లు తీసుకున్నా, లేచేటప్పుడు అయిదు రెట్లు లాగుతుంది. 35 మీటర్ల దూరానికి రెండున్నర వైరు వేస్తే ఆ క్షణంలో 18 వోల్టులు వైరులోనే పోతాయి. సాయంత్రం పూట వోల్టేజీ 200 దగ్గరున్న ఊళ్లో మోటారు లేవలేక గుయ్యిమంటుంది, కెపాసిటరు పోతుంది. నాలుగు వైరు వేస్తే తగ్గుదల 12 వోల్టులు. సంపు నుంచి ట్యాంకు దాకా ఫ్లోటు స్విచ్చు వైరు కోసం ఒక ఖాళీ పైపు ఉంటే ట్యాంకు పొంగి పొర్లదు, మోటారు ఒట్టిగా తిరగదు.

ఖాళీ పైపులు ఇంకా రెండు కావాలి. పైకప్పు నుంచి మీటరు దాకా 32 మిల్లీమీటర్లది సోలార్ కోసం. కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ వస్తోంది, 300 చదరపు అడుగుల నీడ లేని చోటు కావాలి. ఆ పైపు లేక కేబుళ్లు బయట గోడకు వేలాడే ఇళ్లు ఎన్నో. సోలార్ ఇన్వర్టరు నుంచి మీటరు దాకా సన్నవైరు వేస్తే ఎండ మంచిగా ఉన్నప్పుడే ఇన్వర్టరు దగ్గర వోల్టేజీ పెరిగి అది ఆగిపోతుంది. ఇంకో మాట. వాస్తు ప్రకారం ట్యాంకు నైరుతిలో కడతాం. డిసెంబరులో మధ్యాహ్నం మూడింటికి దాని నీడ ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు పైగా ఈశాన్యం వైపు పడుతుంది. ట్యాంకు అక్కడే ఉంచండి, పలకలకు వదిలే చోటు ఆ నీడ దాటాక మొదలుపెట్టండి. రెండో పైపు మీటరు నుంచి పార్కింగు దాకా, 32 ఆంపియర్ల కారు చార్జరుకు పది చదరపు మిల్లీమీటర్ల వైరు పట్టేంత.

ఇప్పుడు అడిగేది. 100 కిలోవాట్ల పరిమితిని తగ్గించుకునే అధికారం సవరించిన చట్టం రాష్ట్రాలకు ఇచ్చింది. 150 గజాల ఇంటికి పూర్తి సంహితను రుద్దమని కోరడం లేదు. ఆ లెక్కలు కట్టే మనుషులు మండలాల్లో దొరకరు, అది లంచాల దారి అవుతుంది. స్వీయ ధ్రువీకరణ పత్రానికి ఒక పేజీ జోడిస్తే చాలు. స్లాబుకు ముందు ఒకసారి: పైపుల ఫొటోలు, విడి పైపులు ఎన్ని, సోలారుకు, చార్జరుకు ఖాళీ పైపులు ఉన్నాయా, కప్పు మీద ఏం వేయబోతున్నారు. కొత్త సర్వీసుకు ముందు ఇంకోసారి: లైసెన్సున్న కాంట్రాక్టరు ఇచ్చే వైరింగు ధ్రువపత్రంలోనే మెయిను వైరు సైజు, పొడవు, లోడు మీద వోల్టేజీ తగ్గుదల, 500 వోల్టుల మెగ్గరుతో కొలిచిన ఇన్సులేషను విలువ, ఆర్‌సీసీబీ టెస్టు బటను నొక్కితే పడిందా లేదా. ఇన్సులేషను ఒక మెగాఓముకు తగ్గితే సర్వీసు ఇవ్వకూడదు. వోల్టేజీ తగ్గుదల కొలవడానికి ఒక మల్టీమీటరు, ఒక గీజరు, పది నిమిషాలు చాలు. గీజరు వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి డీబీ దగ్గరా మీటరు దగ్గరా చూసి నాలుగు అంకెలు రాయాలి. రెండు రాష్ట్రాల డిస్కంలూ తమ ఫారంలో ఈ వివరాలకు గళ్లు గీసి ఇవ్వాలని, పురపాలక శాఖలు స్లాబు ముందటి పేజీని ఈ కట్టుబడి కాలం నుంచే మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విద్యుత్ వైరింగు కాంట్రాక్టరు,
ఖమ్మం